ఆవులిస్తే లేచే చెయ్యి

మాస్టారు తనకి కనపడకుండా ఆవులిస్తున్నాడని ఆయన భార్య కనిపెట్టడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఆయన ఆవులిస్తే పేగులు లెక్కపెట్టగలనని పదిమందిలో చెప్పుకునే మనిషి ఆమె. ఆ మాట అన్నప్పుడల్లా ఆయన నోరు బార్లా తెరిచి, లెక్కపెట్టుకో, ఒకటి తగ్గితే పూచీ నీదే అనేవాడు. అలాంటి మనిషి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక ఆవులింతలు దాచుకోవడం మొదలుపెట్టాడు. ఆవులింత వచ్చే ముందు ముక్కుపుటాలు కొంచెం కదులుతాయి. అవి కదలగానే ఆయన కుడి చేత్తో దిండు లాగి ఎడమ చేతి మీద వేసుకుని గోడవైపు తిరిగిపోయేవాడు. కాసేపటికి ఇటు తిరిగి, ఏమీ జరగనట్టు కిటికీలోంచి వీధిని చూస్తూ కూర్చునేవాడు.

మనిషి ఏడుపు దాచుకుంటాడు, ఆకలి దాచుకుంటాడు. ఆవులింత దాచుకోవాల్సిన అవసరం ఏముంటుంది?

ఆమె అడగలేదు. అడిగితే ఆయన ఏదో ఒక చమత్కారం చెప్పి దాటవేస్తాడు. అది ఒక భయం. చమత్కారం చెప్పకుండా నిజమే చెప్తాడేమోనన్నది అంతకంటే పెద్ద భయం.

దర్జీ దుకాణం నడిపే ఆయన్ని వీధంతా పుర్రచెయ్యి మాస్టారు అనేది. చిన్నప్పుడు బడిలో ఎడమ చేత్తో రాస్తున్నాడని పంతులు ఆ చేతిని బెంచీకి కట్టేశాడట. దాంతో రాయడం, తినడం కుడి చేతికి వచ్చాయి గానీ కత్తెర మాత్రం ఎడమ చేతినే కోరుకుంది. మామూలు కత్తెర ఎడమ చేత్తో పట్టుకుంటే బట్ట రెండు రేకుల మధ్య మడత పడిపోతుంది, తెగదు. అందుకని రేకులు తిరగేసి బిగించిన కత్తెర ఒకటి ప్రత్యేకంగా చేయించుకున్నాడు. దుకాణంలో ఇంకెవరు ఆ కత్తెర ముట్టుకున్నా బట్టని నమిలేసేది. అదే ఆయన చేతిలో ఉంటే, ఉన్ని కోటు గుడ్డ మీద సుద్దగీత వెంబడి, మధ్యలో ఒక్కసారి కూడా నోరు ముయ్యకుండా, కాలర్ వంపు మొత్తం ఒకే కోతలో తిరిగేది. ఆ చప్పుడు పైన వంటగదిలోకి వినిపించేది. ఇల్లు దుకాణం మీదే. కత్తెర చప్పుడు ఆగిందంటే మాస్టారు కబుర్లలో పడ్డాడని ఆమెకి తెలిసిపోయేది.

కబుర్లంటే మామూలు కబుర్లు కావు. ఈ వీధిలో అందరి చేతులూ నేనే కత్తిరించానండీ అని కొత్తగా వచ్చినవాళ్ళని బెదరగొట్టి, వాళ్ళు వెనక్కి తగ్గాక, చొక్కా చేతుల సంగతి అని ముక్తాయించేవాడు. నాటకాలలో దిట్ట. ఒకసారి వేలికి ఎర్ర దారం చుట్టుకుని సూది దిగిందని మూలుగుతూ మధ్యాహ్నమంతా సెలవు తీసుకున్నాడు. ఇంకోసారి ఒక పెద్దమనిషి కోటు కోసం చెప్పిన రోజుకంటే ముందే వచ్చేశాడు. కోటుకి ఇంకా చేతులే అతకలేదు. మాస్టారు క్షణంలో కటింగ్ బల్ల మీద పడుకుని, నుదుటి మీద తడిగుడ్డ వేసుకుని, కళ్ళు తేలేశాడు. ఆ పెద్దమనిషి జాలిగుండెవాడు. పరుగెత్తుకెళ్ళి చేదు మందు సీసా ఒకటి తెచ్చి, దగ్గర కూర్చుని, మూతతో కొలిచి తాగించాడు. ఆ కథ చెప్పినప్పుడల్లా మాస్టారు మందు మింగిన మొహం మళ్ళీ పెట్టి చూపించేవాడు. ఆమె పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. కాపురం కొత్తలో ఎన్నో వాటికి మోసపోయింది. తరవాత తరవాత మోసపోవడం మానేసింది. అదే ఆమెకి పెద్ద గర్వం.

అదే ఆ రోజు పొద్దున కొంప ముంచింది.

అంతకు ముందు సాయంత్రం ఆమె అటక మీది ట్రంకుపెట్టె దింపిపెట్టమని అడిగింది. రేపు, రేపు అని ఆయన సాగదీశాడు. మర్నాడు పొద్దున చొక్కా తొడుక్కుంటూ, మంచం అంచు మీద కూర్చుని, ఎడమ చెయ్యి రావట్లేదే అన్నాడు. గుండీ పెట్టుకోలేకపోతున్నాను అన్నాడు. మాట కాస్త ముద్దగా ఉంది. మూతి ఒక పక్కకి జారి ఉంది. ఆమె చూసింది. చూసి నవ్వింది.

"చాల్లెండి నాటకాలు. మూతి మాత్రం భలే పెట్టారు ఈసారి."

బకెట్లో తడిబట్టలు తీసుకుని డాబా మీదికి వెళ్ళింది. పక్కింటావిడ పిట్టగోడ అవతల ఉంటే ఈ కథంతా చెప్పింది. పెట్టె దింపమంటే చెయ్యి పడిపోయిందంటున్నారు మా మాస్టారు అని ఇద్దరూ నవ్వుకున్నారు. ఎంతసేపు నవ్వుకున్నారో ఆమెకి ఇప్పటికీ తెలీదు. దుప్పట్లు ఆరేసింది, క్లిప్పులు పెట్టింది, దిగి వచ్చింది. ఆయన మంచానికీ కుర్చీకీ మధ్య నేల మీద ఉన్నాడు. మొహం అలాగే ఉంది. అదే మూతి, అదే వంకర. ఏ నటుడూ అంతసేపు ఒకే మొహం పెట్టుకుని ఉండలేడని ఆమెకి అప్పుడు తట్టింది.

ఆసుపత్రిలో డాక్టరు, ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు తీసుకొచ్చారు అని అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన తల ఊపి పక్కకి వెళ్ళాడు. ఆ తల ఊపడం ఆమెని వదల్లేదు. కూతురూ, పక్కింటావిడా, చూడ్డానికొచ్చిన దర్జీలూ అందరూ ఒకే మాట అన్నారు: నీ తప్పేముంది, ఎవరికి మాత్రం ఏం తెలుస్తుంది. అన్న ప్రతిసారీ ఆమె సరేనంది. అన్న ప్రతిసారీ లోపల ఏదో బిగుసుకుంది. నీ తప్పు కాదని చెప్పాల్సిన ఒకే ఒక్క మనిషి మాత్రం ఆ మాట ఎత్తలేదు. తప్పేనని కూడా అనలేదు.

ఇంటికొచ్చాక కాలు కొంత తేరుకుంది. కర్ర పట్టుకుని, నడుము విసురుతూ గదిలో నాలుగడుగులు వేస్తున్నాడు. మాట బాగైంది. చెయ్యే రాలేదు. మోచెయ్యి దగ్గర కొంచెం మడిచి, వేళ్ళు ముడుచుకుని, ఒళ్ళో పడి ఉండేది. వ్యాయామం చేయించే అమ్మాయి రోజు మార్చి రోజు వచ్చేది. కళ్ళజోడు, భుజాన సంచీ, మెట్లెక్కుతూనే మాస్టారూ అని కేకేసే చలాకీ పిల్ల. వేళ్ళు ఒక్కొక్కటే విప్పి సాగదీసేది. మిగతా రోజుల్లో ఆ పని కూతురు చేసేది. ఆమె చెయ్యలేదు. ఒళ్ళు తుడిచింది, గడ్డం గీసింది, గోళ్ళు తీసింది కుడి చేతివి. ఎడమ చేతిని ముట్టుకోవాల్సి వస్తే కూతుర్ని పిలిచేది.

కూతురు జీవశాస్త్రం చదివిన పిల్ల. చంటిబిడ్డ తల్లి. భర్తది ఊళ్ళు తిరిగే ఉద్యోగం కాబట్టి తండ్రి ఇంట్లోనే ఉంటోంది. చదువు ఎక్కువైతే భయం తగ్గుతుందంటారు గానీ ఈ పిల్ల విషయంలో తిరగబడింది. బిడ్డ నిద్రపోతే ఊపిరి ఆడుతోందో లేదో ముక్కు కింద వేలు పెట్టి చూసేది. నిద్రలేస్తే ఎందుకు ఇంత త్వరగా లేచిందని చూసేది. తొట్టిలో పడుకోబెట్టేటప్పుడు బిడ్డ చేతులు రెండూ హఠాత్తుగా బార్లా చాపుకుని, గాలిని పట్టుకోబోయినట్టు వణికేవి. అది మామూలేనని పుస్తకంలో చదివింది. చదివినా, ప్రతిసారీ గుండె జారి పడేది.

ఒక మధ్యాహ్నం ఆమె బీరువా దగ్గర బట్టలు మడతపెడుతోంది. బీరువా తలుపుకి అద్దం ఉంది. మాస్టారు మంచం మీద గోడవైపు తిరిగాడు. దిండు చేతి మీద నుంచి జారిపోయింది, ఆయన చూసుకోలేదు. ఆమె తల తిప్పకుండానే అద్దంలో చూసింది.

ఆయన నోరు తెరుచుకుంది. దాంతోపాటు ఎడమ చెయ్యి లేచింది.

ఎవరో లోపల్నుంచి తాడు లాగుతున్నట్టు నెమ్మదిగా, మోచెయ్యి మడుచుకుని, ఛాతీ దాకా లేచింది. ముడుచుకుపోయిన వేళ్ళు ఒకటొకటిగా విచ్చుకున్నాయి. ఆవులింత ఉన్నంతసేపూ గాలిలో నిలబడింది. నోరు మూతపడి ఊపిరి బయటికి రాగానే దిగి, వేళ్ళు మళ్ళీ ముడుచుకుని, ఎప్పటి చచ్చుచెయ్యిలా దుప్పటి మీద పడింది. ఆయన దాన్ని చూశాడు. ఎవరిదో అన్నట్టు చూశాడు. కుడి చేత్తో దిండు వెతుక్కుని దాని మీద కప్పాడు.

ఆమె చేతిలో చొక్కా చేతిలోనే ఉంది. కింద దుకాణంలో మిషన్లు గడగడమంటున్నాయి. ఆ చప్పుడు లేకపోతే తన గుండె చప్పుడు ఆయనకి వినిపించేదనుకుంది. వంటగదిలోకి వెళ్ళి టీ పెట్టింది. నీళ్ళు మరిగేదాకా భయమే. ఆ చెయ్యి ఆయనది కాదు, అందులో ఇంకెవరో ఉన్నారు అనిపించింది. నీళ్ళు మరిగి పాలు పోసేసరికి ఇంకో ఆలోచన వచ్చింది. అది రాగానే గోడకి ఆనుకుంది.

నాటకం.

చెయ్యి లేస్తుంది. ఎవరూ చూడట్లేదనుకున్నప్పుడు లేస్తుంది. అంటే చెయ్యి బాగానే ఉంది. ఇప్పుడు నాటకమైతే, ఆ రోజు పొద్దున కూడా నాటకమే. ఆమె నవ్వింది సరైన చోటే నవ్వింది. దుప్పట్లు ఆరేసుకున్నది ఒక పనిదొంగ మొగుడి మీద జోకు వేసుకుంటూనే, అంతే. టీ పొంగి పొయ్యి మీద పడుతున్నా ఆమె చూడలేదు. ఆసుపత్రిలో మెదడు ఫోటో వెలుతురు డబ్బా మీద పెట్టి చూపించారు. కుడివైపు లోతుగా మచ్చ ఉంది. ఆ మచ్చని తన కళ్ళతో చూసింది. ఆ పూట దాన్ని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు.

కోపం రావాలి కదా, రాలేదు. మర్నాడు ఆమె వంట చేస్తూ కూనిరాగం తీస్తుంటే కూతురు వచ్చి వింతగా చూసి వెళ్ళింది. మాస్టారు కూడా విన్నాడు.

తరవాతి రెండు రోజులూ ఇద్దరి మధ్యా ఒక వింత యుద్ధం నడిచింది. ఆమె ఆయన ఎదురుగా కుర్చీ వేసుకుని ఆవులించేది. ఆవులింత అంటువ్యాధి. దొంగ ఆవులింత రెండోసారికే నిజం ఆవులింత అయిపోతుంది. ఆయన ముక్కుపుటాలు అదిరేవి. దవడ బిగించి, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా, దాన్ని లోపలే మింగేసేవాడు. ఒళ్ళో చెయ్యి ఒక్కసారి ఉలిక్కిపడి ఆగిపోయేది. నిద్ర చాలట్లేదా నీకు అని అడిగేవాడు. మీకే చాలట్లేదేమో అనేది ఆమె. మళ్ళీ ఆవులించేది. కూతురు ఇద్దర్నీ చూసి, గదిలో గాలి ఆడట్లేదు, కిటికీ రెండో రెక్క కూడా తెరవండి అని తెరిచి వెళ్ళింది.

మూడో రోజు మధ్యాహ్నం ఆయన కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాడు. నిద్రపోయేవాణ్ణి లేపొచ్చు గానీ నిద్ర నటించేవాణ్ణి లేపలేమంటారు. ఆమె పక్కన కూర్చుని ఊడిన గుండీ కుడుతోంది. కుడుతున్న సూదినే తీసుకుని, దిండు కొంచెం జరిపి, ఆ చేతి మీద బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెత్తటి చోట మొనతో గుచ్చింది. కత్తెర పిడి ఒరుసుకుని కాయకాసిన చోటు అది. ఇప్పుడు కాయ మెత్తబడిపోయి ఉంది. చెయ్యి కదల్లేదు. ఇంకొంచెం గట్టిగా గుచ్చింది. చిన్న రక్తపు చుక్క వచ్చింది.

తలెత్తి చూస్తే ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. ఎప్పట్నుంచి తెరిచి ఉన్నాయో.

"కుట్టడం అయ్యాక ముడి వెయ్యడం మర్చిపోకు" అన్నాడు.

ఆమె సూది పక్కన పెట్టింది. నొప్పి తెలుస్తుందా అని అడిగింది. తెలుస్తుందన్నాడు. మరి లాక్కోవచ్చుగా అంది. లాక్కోమని చెప్తూనే ఉన్నానే, దానికి వినపడట్లేదు అన్నాడు. ఇందులో చమత్కారం ఉందా అని ఆమె ఆయన మొహంలో వెతికింది. కనిపెట్టలేకపోయింది. పేగులు లెక్కపెట్టే మనిషికి అదొక కొత్త ఓటమి. గుడ్డతో రక్తం అద్దింది. అద్దుతున్నప్పుడు కూడా వేళ్ళు తగలకుండా గుడ్డ అంచు పట్టుకుని అద్దింది.

వ్యాయామం చేయించే అమ్మాయి వచ్చినప్పుడు ఆమె ఇక ఆపుకోలేకపోయింది. మాస్టారి ముందే, కూతురి ముందే, సంగతంతా కక్కేసింది. అద్దం, దిండు, గోడ, అన్నీ. చెయ్యి లేవడం నేను చూశాను, ఈయన మనల్నందర్నీ ఆడిస్తున్నాడు అంది. చెప్తున్నప్పుడు గొంతులో నేరం మోపుతున్న కోపం లేదు. అవునను, అవునను అని బతిమాలుతున్నట్టు ఉంది. కూతురు బిడ్డని ఇంకో భుజానికి మార్చుకుని తల్లివంక చూసింది.

ఆ అమ్మాయి ఆశ్చర్యపోలేదు. సంచీ కింద పెట్టి మంచానికి ఎదురుగా కూర్చుంది. మాస్టారూ, ఈసారి మింగెయ్యకండి అని, తనే నోరు తెరిచి పెద్దగా ఆవులించింది. కూతురికి ఆవులింత వచ్చింది. ఆమెకి వచ్చింది. మాస్టారు కాసేపు పెనుగులాడి, ఓడిపోయి, నోరు తెరిచాడు. దిండు పక్కకి దొర్లిపోయింది. చెయ్యి అందరి ముందూ లేచింది, వేళ్ళు విప్పుకుంది, నిలబడింది. పట్టపగలు, నలుగురి మధ్య, కిటికీ రెండు రెక్కలూ తెరిచి ఉన్న గదిలో కూడా అది చూడ్డానికి భయంగానే ఉంది.

"ఇప్పుడు మీరే ఎత్తండి మాస్టారూ" అంది ఆ అమ్మాయి, చెయ్యి దిగాక.

ఆయన ప్రయత్నించాడు. మెడ నరాలు ఉబ్బాయి, నుదురు చెమర్చింది, భుజం చెవి దాకా వెళ్ళింది. చెయ్యి ఒళ్ళోంచి లేవలేదు.

ఆ అమ్మాయి నింపాదిగా చెప్పుకొచ్చింది. మెదడు నుంచి ఒళ్ళు కదిలించే ఆజ్ఞలు వెన్నుపాములోంచి కిందికి దిగుతాయి. దిగే దారి ఒక్కటి కాదు. ఒకటి మెదడు పైపొర నుంచి వచ్చేది. తల అడుగున, వెన్నుపాము మొదలయ్యే చోట, అది చాలామటుకు అటుది ఇటు, ఇటుది అటు దాటుకుని దిగుతుంది. అందుకే కుడివైపు మెదడులో నెత్తురు ఆగితే ఎడమ చెయ్యి పోయింది. వేళ్ళతో చేసే సన్నపని, అంటే గుండీ పెట్టడం, సూదిలో దారం ఎక్కించడం, కత్తెర తిప్పడం, అదంతా ఈ దారి చలవే. మాస్టారికి తెగింది ఇది. మిగతావి పాత దారులు. మెదడు కింద కాడలా ఉండే భాగంలో పుట్టి దిగుతాయి. నిలబడటం, పడిపోబోతే ఆపుకోవడం, ఉలిక్కిపడటం వాటి పని. ఆవులింత పుట్టేది కూడా ఆ చుట్టుపక్కలే. పైనుంచి వచ్చే దారి బాగున్నప్పుడు ఈ పాతవాటిని అదుపులో పెడుతుంది. అది తెగితే వీటిని పట్టుకునేవాళ్ళు ఉండరు. ఆవులింత వచ్చినప్పుడు అవి వాటంతటవే చెయ్యిని లేపేస్తాయి. అందరికీ ఇలా అవదు, కొందరికి అవుతుంది. మాస్టారు లేపట్లేదు. మాస్టారు ఆపనూ లేరు.

కూతురు వెంటనే, మరి మా బిడ్డ చేతులు చాపుకునేది కూడానా అని అడిగింది. అదీ ఆ పాత దారుల పనేనంది ఆ అమ్మాయి. చంటిపిల్లలకి పైదారి ఉంటుంది గానీ దాని మీద, కరెంటు తీగ తొడుగు లాంటి పూత ఇంకా పూర్తి కాదు. పూత పడేకొద్దీ చేతులు వాళ్ళ మాట వినడం మొదలుపెడతాయి. అందుకు ఏళ్ళు పడుతుంది. కూతురు బిడ్డ పిడికిలిని తన పిడికిట్లో దాచుకుంది.

ఆమెకి మిగతాదేదీ సరిగ్గా తలకెక్కలేదు. వెన్నుపాము అన్న మాట చిన్నప్పుడు బడిలో చదువుకున్నదే, ఎన్నోసార్లు విన్నదే. దానిలో పాము ఉందని మాత్రం ఇప్పుడే వినపడింది. చొక్కా లోపల, ఆయన వీపు నిలువునా, అది పడుకుని ఉంది. ఆయన నోరు తెరిచినప్పుడల్లా చేతిలోకి పాకి పడగ విప్పుతుంది. ఇన్నేళ్ళూ ఆ వీపు పక్కనే పడుకుంది తను.

ఆ పాత దారిలోంచే చెయ్యి తిరిగి రాదా అని అడిగింది చివరికి. ఈ లేవడం చూసి వస్తుందని చెప్పలేనంది ఆ అమ్మాయి. రాదని కూడా చెప్పలేను, వ్యాయామం మాత్రం మానకండి అంది. మెట్లు దిగబోతూ ఆగి, మాస్టారికి ఇదంతా ఎప్పుడో చెప్పానండీ, ఆయనే ఇంట్లో అనొద్దన్నారు అని చెప్పి వెళ్ళింది.

కూతురు బిడ్డకి స్నానం చేయించడానికి వెళ్ళాక గదిలో ఇద్దరే మిగిలారు. కింద మిషన్లు ఒకటొకటిగా ఆగుతున్నాయి. దర్జీలు షట్టరు దించేవేళ. ఆమె ఎదురు కుర్చీలో కూర్చుంది. మొహం తిప్పుకోవడానికి ఏ పనీ చేతిలో పెట్టుకోలేదు.

ఎందుకు దాచారని అడిగింది. మొదటిసారి చెయ్యి లేచినప్పుడు తనకే పై ప్రాణాలు పైనే పోయాయన్నాడు. తర్వాత ఆ అమ్మాయి చెప్పాక భయం తగ్గింది గానీ, ఆమె చూస్తే చెయ్యి వస్తోందని ఆశపడుతుందనుకున్నాడు.

"ఆశపడలేదు. నాటకమనుకున్నాను."

"తెలుసు. కూనిరాగం విన్నాను. ఆ రెండు రోజులూ నీ మొహం చూశాను." ఆయన కుడి చేత్తో ఎడమ చేతిని ఒళ్ళోకి సర్దుకున్నాడు. "అనుకోనిద్దాం అనిపించింది. అవునే, నాటకమే అని ఒప్పేసుకుందామనిపించింది. ఒప్పుకుంటే నువ్వు చెయ్యి ఎత్తమంటావు. అక్కడ ఆగిపోయాను."

ఆమె అప్పటిదాకా ఏడవలేదు. ఇప్పుడూ ఏడవలేదు. ఇన్నాళ్ళూ ఎవర్నీ అడగని ప్రశ్న నోట్లోకి వచ్చింది. ఆ పొద్దున నేను నమ్మి ఉంటే ఈ చెయ్యి ఉండేదా అని అడిగింది.

ఆయన నవ్వడానికి చూశాడు. దాటవేయడానికి పెట్టే నవ్వు, ఆమెకి బాగా తెలిసిన నవ్వు. సగం మొహమే నవ్వింది. ఎడమ పక్క మూతి వేలాడుతూ ఉండిపోయింది. అంత ఘనమైన నటుడికి దొంగ నవ్వు కూడా రావట్లేదు.

"వద్దు" అందామె. "ఉన్నది చెప్పండి."

ఆయన కిటికీవైపు చూశాడు. ఎదురుగా ఇస్త్రీ కొట్టులో బొగ్గులు రాజేస్తున్న మనిషిని చాలాసేపు చూశాడు.

"నాకేం తెలుసు. ఉండేదేమో. ఉండేది కాదేమో." ఇటు తిరిగాడు. "నమ్మి ఉంటే బాగుండేది."

నీ తప్పేముంది అని ఇంతమంది అన్నప్పుడు బిగుసుకున్నది ఏదో, ఆ మాటకి వదులైంది. నొప్పి తగ్గలేదు. కానీ ఆ నొప్పి దగ్గర ఇప్పుడు ఇద్దరున్నారు. ఆమె చీరకొంగుతో మెడ తుడుచుకుని, అసలు తప్పంతా మీ మూతిది అంది. మామూలుగా మీరు మరీ ఎక్కువ చేస్తారు కదా, ఆ రోజు మాత్రం కొలిచి కత్తిరించినట్టు సరిగ్గా పెట్టారు, ఇన్నేళ్ళకి నటన నేర్చుకున్నారనుకుని మెచ్చుకున్నాను కూడా అంది.

ఆయన నవ్వాడు.

అది ఆయన పెట్టుకున్న నవ్వు కాదు. ఎక్కడో అడుగు నుంచి, అడక్కుండా, దగ్గుతోనో ఏడుపుతోనో కలిసి వచ్చింది. వచ్చినప్పుడు మొహం రెండు పక్కలా వచ్చింది. ఎడమ బుగ్గ మీద సొట్ట పడింది. మూతి తిన్నగా, ఈ చివర్నుంచి ఆ చివరికి, జబ్బుకి ముందు ఎలా ఉండేదో అలా సాగింది. ఆమెకి ఒళ్ళు జలదరించింది. చెయ్యి లేచినప్పుడు కలిగిన జలదరింపే ఇది. ఆయన చెప్తే రానిది, చెప్పకుండా వచ్చింది. వ్యాయామం అమ్మాయి ఇంకా ఎన్ని దారుల పేర్లు చెప్పగలదో ఆమెకి తెలీదు. ఇది మాత్రం తెలిసింది. ఇకమీదట ఈ మనిషి నన్ను క్షమించానని నటించలేడు. నటిస్తే వంకరగా వస్తుంది.

నవ్వు కాసేపటికి తగ్గింది. సొట్ట పూడిపోయింది. ఎడమ పక్క పెదవి చివర కొంచెం కొంచెంగా, ఎవరో వదిలేసినట్టు, కిందికి జారడం మొదలైంది. ఆమె చూపు తిప్పుకోలేదు. అది పూర్తిగా జారి ఆగేదాకా చూస్తూనే కూర్చుంది.